పూసే ముందు చూసిన మనిషి

మా ఇంట్లో బీరువా మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు ఉండి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. సగం పిండేసిన ట్యూబులు, మూత పోయిన ఆయింట్‌మెంటు డబ్బీలు, పేరు చెరిగిపోయిన లోషన్ సీసా... అన్నీ అందులోనే. ఒకటి మావారి గజ్జల్లో దురదకి తెచ్చింది. ఒకటి మా అత్తయ్య మెడ మీద మచ్చకి. ఇంకోటి పక్కింటి పిన్నిగారు తన మనవడికి బాగా పనిచేసిందని ఇచ్చింది. ఎవరికి ఎక్కడ దురద పుట్టినా చెయ్యి ముందు ఆ డబ్బాలోకే వెళ్లేది. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది లెండి!

ఒక వర్షాకాలం నా కుడిచేతి నడివేలికీ ఉంగరపు వేలికీ మధ్య చర్మం ఒరుసుకుపోయింది. మొదట తెల్లగా నానినట్టయింది. తర్వాత మధ్యలో పొర ఊడి ఎర్రగా తేలింది. గిన్నెలు తోమితే మంట. ఉప్పు తగిలితే మంట. చింతపండు పిసికితే ఇంక చెప్పక్కర్లేదు. ఎప్పటిలాగే డబ్బా దించి, చేతికందిన ట్యూబు పూశాను. మర్నాటికి ఎరుపు తగ్గింది. దురదా తగ్గింది. భలే మందు అనుకున్నా. పది రోజులు పూసి మానేశానో లేదో, రెట్టింపు అయి కూర్చుంది. ఈసారి పక్క వేళ్ల సందులకి కూడా పాకింది.

అప్పుడు వెళ్లాను చర్మం డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ మందు రాయలేదు. ముందు ఒక చిన్న బ్లేడుతో వేలి సందున పొర కాస్త గీకి, గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. నన్నూ చూడమన్నారు. చిన్న చిన్న గుండ్లు, వాటికి మొగ్గలు తొడిగినట్టు ఇంకొన్ని గుండ్లు, అక్కడక్కడా పొడుగాటి పోగులు. అది కాండిడా అనే ఈస్టు అట. నేను పూసిన ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్ అట. అది మంటనీ ఎరుపునీ అణిచిందే తప్ప ఈస్టుని ఏమీ చెయ్యలేదు సరికదా, ఒంటికి దానితో పోరాడే శక్తిని అక్కడికక్కడ తగ్గించి దానికి మేలే చేసిందట.

సిగ్గేసింది. ఆ మాటల్లోనే డాక్టరమ్మ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పారు. ఇలాంటి ఈస్టుకి మొట్టమొదటి సరైన మందు కనిపెట్టింది వాళ్లే అన్నారు. వాళ్లలో పెద్దావిడ పేరు ఎలిజబెత్ లీ హేజెన్. ఆ పేరు పట్టుకుని దొరికినదల్లా చదివాను. చదివేకొద్దీ నా బిస్కెట్ల డబ్బానే గుర్తొచ్చింది. ఎందుకంటే ఆవిడ జీవితమంతా చేసింది ఒక్కటే పని. ఏదైనా పూసే ముందు, అసలక్కడ ఉన్నదేమిటో చూడటం.

పత్తి చేల మధ్య పుట్టిన పిల్ల

అమెరికాలో దక్షిణాన మిసిసిపీ రాష్ట్రం. అక్కడ రిచ్ అనే చిన్న ఊరు. పేరుకి రిచ్ గానీ పత్తి పండించుకు బతికే పల్లె. 1885 ఆగస్టు 24న ఎలిజబెత్ అక్కడ పుట్టింది. ముగ్గురు పిల్లల్లో మధ్యది. నాలుగేళ్ల వయసుకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. దగ్గర్లోని లూలా అనే ఊళ్లో ఉన్న బాబాయి ఇంట్లో, ఆయన పిల్లలతో పాటు పెరిగింది. తమ్ముడు చిన్నతనంలోనే పోయాడు. తోబుట్టువుగా మిగిలింది యానిస్ ఒక్కతే.

అమ్మానాన్నా లేని పిల్లని, అదీ పల్లెటూళ్లో, ఎంతవరకు చదివిస్తారు? మన దగ్గరైనా, అక్కడైనా ఆ రోజుల్లో జవాబు ఒకటే. కానీ ఈ పిల్ల అదృష్టం, ఆ రాష్ట్రంలోనే కొలంబస్ అనే ఊళ్లో ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కాలేజీ ఉంది. అమెరికా మొత్తం మీద ఆడవాళ్ల కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచిన మొట్టమొదటి కాలేజీ అదే. 1910లో అక్కడ డిగ్రీ పూర్తి చేసింది. తర్వాత జాక్సన్ నగరంలో హైస్కూలు టీచరుగా భౌతికశాస్త్రం, జీవశాస్త్రం చెప్పింది. పిల్లలకి వేసవి సెలవులొస్తే తను వేరే ఊళ్లో యూనివర్సిటీకి వెళ్లి చదువుకునేది.

అలా కూడబెట్టుకుని న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి చేరింది. 1917లో ఎమ్మే పట్టా తీసుకుంది. అది మొదటి ప్రపంచయుద్ధం కాలం. సైన్యం లేబొరేటరీల్లో పనిచేసింది. తర్వాత వెస్ట్ వర్జీనియాలో ఒక ఆస్పత్రి లేబొరేటరీలో కొన్నేళ్లు చేసింది. మళ్లీ కొలంబియాకే వచ్చి, 1927లో డాక్టరేట్ తీసుకుంది. అప్పటికి ఆవిడకి 42 ఏళ్లు! ఇంతకీ ఆ పరిశోధన దేని మీదో తెలుసా? మన ఆముదం గింజల్లో ఉండే రైసిన్ అనే విషం మీద.

నలభై రెండేళ్లంటే మన ఇళ్లల్లో ఇంక అయిపోయింది, పిల్లల పెళ్లిళ్లు చూసుకోవాలి అనుకునే వయసు. ఆవిడ అసలు పని అప్పటికింకా మొదలే కాలేదు.

రోగం ఎక్కడిదో వెతికే పని

1931లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ లేబొరేటరీ వాళ్లు న్యూయార్క్ నగరంలోని తమ శాఖలో ఆవిడకి ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడైనా ఉన్నట్టుండి ఏదైనా జబ్బు కనపడితే అది ఏ క్రిమి వల్ల వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది అని వెతకడం ఆవిడ పని. ఒకసారి ఆంత్రాక్స్ అనే జబ్బు కనిపించింది. మన పల్లెల్లో గొర్రెలకీ పశువులకీ వచ్చే దొమ్మ రోగం అదే. మనుషులకి ఒంటి మీద నల్లటి పుండుగా వస్తుంది. ఆవిడ ఆరా తీసుకుంటూ వెళ్లి, వెస్ట్‌చెస్టర్ అనే చోట ఒక బ్రష్షుల ఫ్యాక్టరీలో దాని మూలం పట్టుకుంది. ఇంకోసారి విదేశాల నుంచి వచ్చిన చేపల డబ్బాల్లో విషక్రిమిని పట్టుకుంది.

చూడండి, ఒంటి మీద పుండు కనపడితే పుండుకి పూతేసి ఊరుకోవచ్చు. ఆవిడ ఊరుకోలేదు. అదెవరు పంపిన పుండో కనుక్కుంది.

1940లు వచ్చేసరికి పైవాళ్లు ఆవిడకి ఫంగస్ జబ్బుల పని అప్పగించారు. ఫంగస్ అంటే మనకి కొత్తేం కాదు. తడిచెయ్యి తగిలిన ఊరగాయ జాడీలో పట్టే బూజు, వానాకాలం తోలు చెప్పుల మీద తెల్లగా వచ్చేది, పిండిని పొంగించే ఈస్టు... అన్నీ ఆ జాతే. వాటిలో కొన్ని మనుషుల ఒంటి మీద కాపురం పెడతాయి. తామర, శోభి మచ్చలు, చంటిపిల్లల నోట్లో తెల్లపూత, ఆడవాళ్లకి తెల్లబట్టతో దురద, నా వేళ్ల సందుల్లో వచ్చిన ఒరుపు... ఇవన్నీ రకరకాల ఫంగస్‌లు చేసే పనులే. ఊపిరితిత్తులకీ మెదడుకీ పట్టి ప్రాణం తీసేవీ ఉన్నాయి.

అప్పటికి వాటి గురించి క్షుణ్ణంగా తెలిసినవాళ్లు డాక్టర్లలో కూడా తక్కువే. హేజెన్‌కీ తెలియదు. ఆవిడేం చేసింది? యాభై దాటిన వయసులో మళ్లీ కొలంబియాకి వెళ్లి, ఫంగస్‌ల చదువులో దిట్ట అయిన రోడా బెన్‌హామ్ అనే శాస్త్రవేత్త దగ్గర విద్యార్థిలా కూర్చుని నేర్చుకుంది. ఆస్పత్రుల నుంచి వచ్చిన ఒక్కో నమూనానీ పెంచి, పేరు తేల్చి, దాచుకుంటూ వెళ్లింది. చివరికి ఏ ఫంగస్ ఎలా ఉంటుందో పోల్చుకునే పెద్ద భాండారం ఆవిడ దగ్గర తయారైంది.

ఆ రోజుల్లోనే న్యూయార్క్ బడిపిల్లల తలల్లో తామర విపరీతంగా వ్యాపించింది. జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడిపోయేది. దానికి అప్పటి వైద్యం ఏమిటో వింటే గుండె ఝల్లుమంటుంది. పసిపిల్లల తలలకి ఎక్స్‌రే కిరణాలు పెట్టి జుట్టంతా రాలగొట్టేవాళ్లు. ఆ తామర తెచ్చే ఫంగస్ మీద కూడా హేజెన్ పనిచేసింది. పేరు తేల్చడం వచ్చింది గానీ, తేలిన శత్రువుని కొట్టే మందే చేతిలో లేదు.

మందు వస్తే వచ్చిన తంటా

ఇక్కడ మనవాడొకాయన్ని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకి పెద్దగా ఉండగా, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మిస్సోరీ మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. పెన్సిలిన్‌కి లొంగని ఎన్నో క్రిములు దానికి లొంగాయి. లక్షల ప్రాణాలు నిలిచాయి.

కానీ దాంతోపాటే ఒక తంటా వచ్చింది. మన ఒంట్లో మంచి బాక్టీరియా కూడా ఉంటుంది కదా. నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ల లోపలి భాగాల్లో అవి చోటు ఆక్రమించుకుని ఉంటాయి కాబట్టే కాండిడా ఈస్టు ఒక మూల అణిగి ఉంటుంది. యాంటీబయోటిక్ వేసుకుంటే చెడ్డవాటితో పాటు మంచివీ పోతాయి. ఈస్టుకి ఆ మందుతో పనేలేదు. ఇల్లు ఖాళీ అయినట్టు చూసి, ఇష్టారాజ్యంగా పెరుగుతుంది. జ్వరం తగ్గింది అనుకునేలోపు నోట్లో తెల్లపూత, కింద దురద, ఒంటి మడతల్లో ఎర్రటి ఒరుపు. మీలో చాలామందికి ఇది అనుభవమే అయి ఉంటుంది.

పోనీ ఫంగస్‌ని చంపేవి లేవా అంటే, ఉన్నాయి. అవి మనిషినీ చంపేస్తాయి! ఎందుకంటే బాక్టీరియా కణం వేరు, మన కణం వేరు. ఫంగస్ కణం మాత్రం మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకి తగులుతుంది. అందుకే అది అంత కష్టమైన వెతుకులాట.

గాజు సీసాల ఉత్తరాలు

1948లో హేజెన్‌కి 63 ఏళ్లు. ఆ వయసులో ఆవిడ ఈ వెతుకులాటకి దిగింది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అణచడానికి రకరకాల పదార్థాలు వదులుతుంటాయి. వాటిలో ఫంగస్‌ని అణిచేది ఏదైనా ఉందేమో చూడాలని ఆవిడ ఆలోచన. చూడటానికి తను చాలు. కానీ దొరికిన దాన్ని విడదీసి శుభ్రం చేయడానికి రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. ఆరోగ్యశాఖ లేబొరేటరీ పెద్ద గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, ఆల్బనీలోని తమ ప్రధాన లేబొరేటరీలో పనిచేసే రేచల్ ఫుల్లర్ బ్రౌన్‌ని ఆవిడకి జతచేశాడు.

రేచల్ కథా తక్కువదేం కాదు. 1898లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి ఇల్లొదిలి పోతే, తల్లి ఆఫీసుల్లో పనిచేసి పిల్లల్ని పెంచింది. వాళ్ల అమ్మమ్మగారి స్నేహితురాలొకావిడ కాలేజీ ఖర్చు భరించింది. డబ్బు చాలక మధ్యలో ఉద్యోగానికి వచ్చేసి, డాక్టరేట్ 1933లో గానీ అందుకోలేకపోయింది.

ఒకరు న్యూయార్క్‌లో, ఒకరు ఆల్బనీలో. మధ్య దూరం సుమారు 240 కిలోమీటర్లు. మరి ఇద్దరూ కలిసి ఎలా పనిచేశారంటారా? పోస్టులో! అక్కడి ఆడవాళ్లు పళ్లూ కూరలూ నిల్వపెట్టుకునే మూతగట్టి గాజు సీసాలున్నాయి చూడండి, వాటిలో. హేజెన్ ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి, వాటిని కాండిడా మీదా, మెదడుకి పట్టే క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్ మీదా పరీక్షించేది. ఏదైనా పనిచేస్తున్నట్టు అనిపిస్తే దాన్ని సీసాలో పెట్టి ఆల్బనీకి పోస్టు చేసేది. రేచల్ అందులోంచి అసలు పదార్థాన్ని విడదీసి తిరిగి పోస్టు చేసేది. హేజెన్ మళ్లీ ఫంగస్ మీద పరీక్షించేది. దాన్ని తట్టుకుంటే అప్పుడు ఎలుకల మీద.

ఎలుకల దగ్గరే చాలావాటి కథ ముగిసేది. ఫంగస్ చచ్చేది, ఎలుకా చచ్చేది. మళ్లీ ఇంకో మట్టి. ఇంకో సీసా. ఇంకో ఉత్తరం.

చివరికి పనికొచ్చిన మట్టి ఎక్కడో అడవుల్లోంచి రాలేదు. హేజెన్ వర్జీనియా రాష్ట్రంలో నోర్స్ అనే స్నేహితుల పొలానికి వెళ్లినప్పుడు అక్కడి మట్టి కాస్త తెచ్చుకుంది. అందులో దొరికిన కొత్త సూక్ష్మజీవికి ఆ స్నేహితుల పేరే పెట్టింది, స్ట్రెప్టోమైసిస్ నోర్సియై అని. అది రెండు పదార్థాల్ని వదులుతోంది. ఒకటి ఎలుకల్ని చంపేసేది. రెండోది మాత్రం ఫంగస్‌ని చంపి ఎలుకని బతకనిచ్చింది.

1950లో ఈ సంగతి శాస్త్రవేత్తల సభలో చెప్పారు. మొదట ఫంగిసిడిన్ అన్న పేరు అనుకున్నారు గానీ, అది అంతకుముందే ఎవరో వాడేశారు. దాంతో తాము పనిచేసే న్యూయార్క్ స్టేట్ పేరులోంచి అక్షరాలు తీసి నిస్టాటిన్ అన్నారు. మనుషులకి ఇవ్వదగినట్టు దొరికిన మొట్టమొదటి ఫంగస్ యాంటీబయోటిక్ అదే. స్క్విబ్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది. 1954 నుంచి మాత్రగా, ఆ తర్వాత ఒంటికి పూసే క్రీముగా, పొడిగా, పిల్లల నోట్లో వేసే చుక్కలుగా వచ్చింది.

అది పనిచేసే తీరు వినండి. ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మన కణం పొరలో దాని బదులు కొలెస్టరాల్ ఉంటుంది. నిస్టాటిన్ ఆ ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుని పొరకి చిల్లులు పొడుస్తుంది. లోపలి సరుకంతా కారిపోయి ఫంగస్ చస్తుంది. చర్మం మీద పూస్తే అది లోపలికి ఇంకదు. మింగినా పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. రక్తంలోకి ఎక్కిస్తే మాత్రం ప్రమాదమే. అందుకే పైపూతకీ, నోటికీ, పేగులకీ, ఆడవాళ్ల లోపలి దురదకీ అది చక్కగా కుదిరింది.

కోటీ ముప్పై నాలుగు లక్షల డాలర్లు

ఆ మందుకి పేటెంటు 1957లో వచ్చింది. దాని గడువు తీరేలోపు వచ్చిన రాయల్టీ ఎంతో తెలుసా? సుమారు కోటీ ముప్పై నాలుగు లక్షల డాలర్లు! అందులో తన సొంతానికి హేజెన్ ఒక్క డాలరు తీసుకోలేదు. రేచలూ తీసుకోలేదు. సగం రిసర్చ్ కార్పొరేషన్ అనే సంస్థ ద్వారా శాస్త్ర పరిశోధనలకి పోయింది. మిగతా సగం ఇద్దరి పేరుతో పెట్టిన నిధికి వెళ్లింది. ఫంగస్ జబ్బుల మీద పనిచేసేవాళ్లకీ, జీవశాస్త్రం చదువుకునేవాళ్లకీ అది ఆసరా అయింది. ఇద్దరూ మాత్రం నెలజీతం మీదే బతికారు. ఒకరి దయతో చదువుకున్నవాళ్లు కదా, చదువు విలువ తెలుసు.

మందు వచ్చేసింది కదా అని హేజెన్ ఆగలేదు. 1955లో, ఫంగస్‌లని లేబొరేటరీలో సులువుగా పోల్చుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం ఇంకొకరితో కలిసి బొమ్మలతో సహా తెచ్చింది. మందు కనిపెట్టిన మనిషే, మందు వాడే ముందు అది ఏ ఫంగసో చూడటం నేర్పించే పుస్తకం రాసిందంటే ఆవిడ మనసులో ఏముందో తెలియడం లేదూ?

1960లో ఉద్యోగం నుంచి విరమించింది. ఇంట్లో కూర్చోలేదు. కొలంబియాలోని ఫంగస్ లేబొరేటరీకి వెళుతూ పనిచేసుకునేది. పేరన్నా, ఫోటోలన్నా ఆవిడకి గిట్టేది కాదు. తన గురించి చెప్పుకోవడం బొత్తిగా ఇష్టముండేది కాదు.

1966 నవంబరులో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని వరద ముంచెత్తింది. అమూల్యమైన పాత చిత్రాలు నీట నానాయి. నీళ్లు తీశాక వాటికి బూజు పట్టసాగింది. ఆ బూజుని ఆపడానికి వాడిన వాటిలో నిస్టాటిన్ కూడా ఉంది. పిల్లల నోటి పూతకి వేసే మందు చూడండి, ఎక్కడ పనికొచ్చిందో!

1973లో ఒంట్లో బాగాలేని సోదరి యానిస్‌ని చూడటానికి సియాటెల్ వెళ్లిన హేజెన్, తనకీ ఆరోగ్యం చెడటంతో అక్కడే ఉండిపోయింది. 1975 జూన్ 24న తొంభయ్యో ఏట అడుగుపెట్టి ఉండగా కన్నుమూసింది. అదే ఏడాది అమెరికన్ రసాయనశాస్త్రవేత్తల సంస్థ తన కెమికల్ పయొనీర్ అవార్డుని ఇద్దరికీ ఇచ్చింది. ఆ అవార్డు ఆడవాళ్లకి రావడం అదే మొదలు. రేచల్ 1980లో పోయింది. 1994లో ఇద్దరి పేర్లూ అమెరికా ఆవిష్కర్తల గౌరవ జాబితాలోకి ఎక్కాయి.

ఆవిడ మందుకీ అదే గతి!

ఇంత చదివాక నన్ను ఒక సంగతి బాధపెట్టింది. పోల్చుకుని మరీ వాడమన్న మనిషి కనిపెట్టిన నిస్టాటిన్‌ని కూడా తర్వాత కంపెనీలు కలగూరగంపలో కలిపేశాయి. ఒక స్టెరాయిడ్, రెండు బాక్టీరియా మందులు, వీటికి తోడు నిస్టాటిన్. నాలుగూ ఒకే క్రీములో! ఏ జబ్బో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందిలే అన్నట్టు.

ఆ కలగూరగంప పద్ధతే మన దేశంలో మహా జోరుగా పాకింది. తామర వచ్చిందనగానే మందుల షాపులో ఒక ట్యూబు చేతికిస్తారు. అందులో స్టెరాయిడ్ ఉందన్న ముక్క మనకి చెప్పేవాళ్లుండరు. పూసిన రెండో రోజే దురద పోతుంది. గుండ్రటి అంచు చెదిరిపోతుంది. ఇంక డాక్టరు చూసినా అది తామరో కాదో పోల్చుకోవడం కష్టమయ్యేలా రూపు మారిపోతుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతూ ఉంటుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. గజ్జల్లో, చంకల్లో గర్భిణీలకి వచ్చినట్టు చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. తెల్లబడతామని ముఖానికి పూసుకున్న ఆడపిల్లలకి ముఖం ఎర్రబడి, మొటిమలు లేచి, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. పూస్తే ఇంకా పాడు.

2018లో మన ప్రభుత్వం ఒంటికి పూసే స్టెరాయిడ్లని కూడా డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో చేర్చింది. అయినా చీటీ అడిగే షాపు మీకు ఎన్నిసార్లు తగిలింది? మామూలుగా తామరకి వాడే టెర్బినాఫిన్ మందుకి తరచూ లొంగని ఒక కొత్త రకం ఫంగస్ మన దేశంలో పాకింది. దానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అందులో మన దేశం పేరుండటం గర్వపడాల్సిన సంగతేం కాదు.

ఇంకో మాట. నిస్టాటిన్ అంత గొప్పదే అయినా అది తామరకి పనిచెయ్యదు. కాండిడా ఈస్టుకే దాని దెబ్బ. తామర ఫంగస్ వేరే జాతి. దానికి క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటివి కావాలి. క్లోట్రిమజోల్ ఈస్టుకీ పనికొస్తుంది. గజ్జికి పురుగుని చంపే మందు కావాలి. తామరకి గజ్జి మందు పూసినా, గజ్జికి తామర మందు పూసినా ఫలితం సున్నా. ఎగ్జిమా అనే మరో రకం దురదకి డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చే స్టెరాయిడే మంచి మందు. అంటే స్టెరాయిడ్ చెడ్డదని కాదు. తెలియకుండా పూయడం చెడ్డది. నాలుగు జబ్బులూ దురదే. నాలుగూ ఎరుపే. కంటికి ఒకేలా ఉన్నవాటిని వేరుచేసి చూడటానికే ఆవిడ జీవితంలో సగం ఖర్చుపెట్టింది.

డబ్బా ఖాళీ

నా వేళ్ల సంగతి చెప్పలేదు కదూ. డాక్టరమ్మ ఇచ్చిన క్రీము చెప్పినన్ని రోజులూ పూశాను. దురద పోయాక కూడా మానలేదు, గడువు దాకా పూశాను. అంతకంటే ముఖ్యంగా వేళ్ల సందులు పొడిగా ఉంచమన్నారు. గిన్నెలు తోమాక మెత్తటి బట్టతో ఒక్కో సందూ తుడుచుకోవడం, తడిచేతికి ఉంగరం పెట్టుకోకపోవడం, ఒరుపు ఉన్నన్నాళ్లూ లోపల నూలు తొడుగుతో రబ్బరు గ్లవుజులు వేసుకోవడం. చక్కెర పరీక్ష కూడా చేయించారు, ఎందుకంటే షుగరు ఉన్నవాళ్లకి ఈ ఈస్టు పదేపదే వస్తుందట. నాకు లేదని తేలింది. మూడు వారాల్లో చెయ్యి మామూలైంది.

ఆ ఆదివారం బీరువా మీది డబ్బా దించాను. మా అత్తయ్య, మావారు ఇద్దరూ చూస్తుండగా ఒక్కో ట్యూబూ తీసి వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు భూతద్దం పెట్టి చదివాను. బీటామెథాసోన్, క్లోబెటసాల్... తొమ్మిది ట్యూబుల్లో ఆరింటిలో స్టెరాయిడ్ ఉంది. వాటిలో రెండిటికి గడువు దాటి మూడేళ్లయింది. అన్నీ చెత్తలో పడేస్తుంటే, డబ్బు పెట్టి కొన్నవి కదా అని అత్తయ్య ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మెడ మీద మచ్చకి నాలుగేళ్లుగా ఆ ట్యూబే పూస్తున్నారు. మర్నాడు ఆవిడనీ తీసుకెళ్లాను. గీకి చూశారు. ఆవిడది ఈస్టు కాదు, తామర. వైద్యం నెలలు పట్టింది, కానీ నయమైంది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికైనా దురద పుడితే చెయ్యి బీరువా మీదికి పోదు. లైటు కిందికి పోతుంది. గుండ్రంగా ఉందా, అంచు లేచిందా, మడతలో ఉందా, వేళ్ల సందునా, రాత్రిళ్లు ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని చూస్తాం. చూసి, అవన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళతాం. పేరు తేల్చే పని మనది కాదు. కానీ చూసే పని మనది.

బిస్కెట్ల డబ్బా శుభ్రంగా తోమి, ఎండలో ఆరబెట్టాను. ఇప్పుడు అందులో మళ్లీ బిస్కెట్లే ఉన్నాయి.